శనగలు, కందులు

మా పండుగకు కాగితం మీద పేరు
గురవయ్య పుట్టినరోజు.
పోయినేడు జక్కుల రాజమల్లుది.
ఊరికి వెళ్లిపోయినవాడిది కూడా ఒకసారి చేశాం.
పాస్‌పోర్టుల్లో మాలో సగం మందికి జనవరి ఒకటే గనక
ఎవరూ అబద్ధమాడినట్టు కాదు.

హసావిలో నాలుగంతస్తుల కింద సెల్లారు.
జుమ్మా నమాజు అయ్యాక
మెట్ల మీద చెప్పులు గుట్టపడతాయి.
కేకు మీద బేకరీ బంగ్లా కుర్రాడు
గురవయ్యను గుర్రయ్య చేశాడు.
గోడకు అతికించిన అట్ట మీద ఎర్ర స్కెచ్చుతో
ఈ యేటి వాదం:
'పాస్‌పోర్టు యజమాని దగ్గరుంటేనే మేలు.'
కింద చిన్నక్షరాల్లో నియమం:
ఏ పక్షమో చీటీ చెబుతుంది, మనసు చెప్పకూడదు.

నా పని టైము కొట్టడం.
మూడు నిమిషాలు కాగానే
స్టీలు పళ్లెం మీద గరిటెతో ఒక్క దెబ్బ.
ఫోర్క్‌లిఫ్టు నడిపే చేతికి
ఇంత చిన్న అధికారం ఎంత రుచో
చెప్పినా మీకు తెలియదు.

ముందు పెయింటు డబ్బా బోర్లించి దరువేశాడు మైసయ్య.
రాయచోటివాళ్లు చెక్కభజన ఎత్తుకున్నారు.
పైఅంతస్తు ఈజిప్టాయన గొడవేమిటని దిగొచ్చి
తలుపులో నిలబడి రెండు భుజాలూ ఊపి
కేకు ముక్కతో వెళ్లిపోయాడు.

తర్వాత మాటలు.
మెట్‌పల్లి లచ్చన్న ఓటర్ల జాబితాతో మొదలుపెట్టి
ఉల్లిగడ్డ ధర దాకా వచ్చేసరికి నా గరిటె పడింది.
అమలాపురం సత్తిబాబు 'ఉల్లిపాయ' అని దిద్దాడు.
దాని మీద పావుగంట పోయింది.
అది ఏ పక్షానికీ లెక్కలోకి రాలేదు.

అప్పుడు ఓబుళమ్మ.
ఏడేళ్లుగా టీ ఆమెదే.
సల్వాలో పెద్దింటి పని, నెలకో శుక్రవారం సెలవు.
ఈసారి తన పేరు తనే రాసి డబ్బాలో వేసింది.
చీటీ విప్పితే యజమాని పక్షం.
ఎవరో నవ్వారు.
"మార్చుకో అక్కా" అన్నాడు సత్తిబాబు.
తడిచేతులు కొంగుకు తుడుచుకుని
"నియమం నియమమే గదా సామీ" అంది.

"మా మేడమ్ బీరువాలో కింద అర దుప్పట్లకి.
రెండోది అత్తరు సీసాలకి.
మూడో అరలో బంగారం.
నా పాస్‌పోర్టు ఆ బంగారం పక్కనే ఉండాది,
తాళంచెవి మేడమ్ మెడలో.
నన్నెవరూ ఇంత భద్రంగా దాచిపెట్టలేదు.
మా ఆయన రేషన్ కార్డులో నా పేరే మర్చిపోయినాడు.
మొన్న మా అమ్మ పోయింది.
వెళ్లొస్తానంటే మేడమ్ అనింది,
నువ్వు లేకుంటే పాపాయి అన్నం తినదని.
నేను లేకుంటే జరగని ఇల్లు ఒకటి ఉండాదని
ఆ పొద్దే తెలిసింది నాకు.
విలువైనదాన్ని ఎవరన్నా బయట పెట్టుకుంటారా?
అందుకని, సభలో పెద్దలారా,
యజమాని దగ్గరుంటేనే మేలు."

మూడు నిమిషాలు ఎప్పుడో దాటాయి.
గరిటె నా చేతిలోనే ఉంది.
చెక్కభజన పిల్లవాడొకడు
చెక్కలు చప్పుడు కాకుండా
రెండింటి మధ్య వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

మా ఓట్లు గింజలు.
ఔనంటే శనగ, కాదంటే కంది.
నమ్మినదానికి కాదు, నెగ్గిన మాటకు వెయ్యాలి.
గిన్నె వంపితే
నూట పదకొండు శనగలు, ఆరు కందులు.
ఆ ఆరింట్లో ఒకటి తనదేనని
గ్లాసులు ఏరుతూ చెప్పింది ఓబుళమ్మ.

ఆనవాయితీ ప్రకారం ఓట్లన్నీ కుక్కరులో పోశాం,
పైన ఇంకో కిలో శనగలు.
ఉప్పు, ఎండుమిర్చి, కరివేపాకు.
ఒక పొట్లం పాపాయికి కట్టుకుని
ఎనిమిదింటి బస్సుకు పరుగెత్తింది.
టీ గ్లాసులు ఈ యేడు మేం కడిగాం,
రెండు పగలగొట్టాం.

నానబెట్టని గింజలు.
ఎన్ని విజిళ్లు వచ్చినా మెత్తబడలేదు.
తెల్లవారుజామున డ్యూటీ బస్సెక్కేదాకా
నా పళ్ల సందున
ఒక శనగ పొట్టు.